టీకకొక రంగు, మూలమునకొక రంగు

మీ యింట పాత ముద్రణమునకు చెందిన సటీక ప్రబంధమేదైనను ఉన్నచో ఒకమారు తెరచి చూడుడు. పద్యము పెద్ద అక్షరములలో నుండును. దానిక్రింద ప్రతిపదార్థము సన్నని అక్షరములలో నుండును. తాత్పర్యము వేరొక పేరాగా నుండును. చదువు రానివారైనను పుటను చూడగనే ఏది కవి మాటయో, ఏది టీకాకర్త మాటయో వ్రేలితో చూపగలరు. కంప్యూటరు తెరమీద ప్రోగ్రాము వ్రాయునపుడు ఏది యంత్రమున కిచ్చిన ఆజ్ఞ, ఏది మనుష్యులకొరకు వ్రాసికొన్న టీక, ఏది వస్తువు పేరు అనుదానిని రంగులచేత తెలుపుట యొకటి కలదు. ఆ రంగులను మనమే ఏర్పరచుకొను విధమును గూర్చి ఈ నెల నాలుగు మాటలు వ్రాయదలచితిని. "ఇది ఆడవాళ్ల పత్రికలో రాసే సంగతేనా?" అని మా యింటిలోనే ఒకరు అడిగిరి. ఇంటి లెక్కలు ఎవరు వ్రాయుచున్నారో వారి పత్రికలోనే వ్రాయవలెనని బదులు చెప్పితిని.

మా వీధిలో పదునలుగురు స్త్రీలము కలిసి ఒక పొదుపు సంఘము నడుపుకొనుచున్నాము. నెలకు తలకు 500 రూపాయలు చందా. అవసరమైనవారికి నూటికి రూపాయి వడ్డీకి అప్పు. ఆరునెలల కొకమారు కందిపప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు టోకున కొని పంచుకొందుము. ఈ లెక్కలన్నియు నేను మొదట పుస్తకములో వ్రాసి, తరువాత ఒక చిన్న ప్రోగ్రాముగా మార్చుకొంటిని. ఈ యేడు మా అబ్బాయి యున్న ఊరికి వెళ్లి కొంతకాలముండవలసి వచ్చినందున లెక్కను మా మేనకోడలికి అప్పగింపవలసివచ్చినది. పదునలుగురి డబ్బు, అందులో కొందరికి అదియే చేతనున్న రొక్కము. పుస్తకమైనచో అప్పగించుట సులభము. ప్రోగ్రామును అప్పగించుట యనగా వ్రాసినవారి తలలోని సంగతులనుగూడ అప్పగించుటయే.

ఆ ప్రోగ్రాము రెక్స్ అను భాషలో నున్నది. దానిని మైక్ కౌలిషా అను ఆంగ్లేయుడు ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచు 1979లో మొదలుపెట్టెను. ఇప్పటి పిల్లలు దాని పేరు వినియుండరు. నేను దానిని కోరి తీసికొనుటకు ఒక కారణము కలదు. నేడు వాడుకలోనున్న భాషలు పెక్కింటిలో దశాంశ భిన్నములను యంత్రము లోపల రెండంకెల పద్ధతిలోనికి మార్చుకొనును. మన పద్ధతిలో మూడవవంతు ఎట్లు 0.333 అని తెగక సాగిపోవునో, ఆ పద్ధతిలో పదవవంతు అట్లే తెగక సాగును. కావున అట్టి భాషలో 0.1కి 0.2 కలుపుమన్నచో 0.30000000000000004 అని చెప్పును. పది పైసలకు ఇరువది పైసలు కలిపినచో ముప్పది పైసలు, ఆపైన వెంట్రుకవాసి! రెక్స్ మనవలెనే పదులలో లెక్కించును. దానికి ముప్పది ముప్పదియే. మామూలుగా తొమ్మిది అంకెలవరకు లెక్క చూచును, కావలసినచో ఎక్కువ చేసికొనవచ్చును. ఇంటి లెక్కకు ఇంతకన్న ఏమి కావలెను? మరియొక ముచ్చట చెప్పెదను. రెక్స్ అను ధ్వనికి లాటినులో రాజని అర్థము. నా కంప్యూటరులో ఈ భాషను నడుపు సాధనము పేరు రెజీనా, అనగా రాణి. రాజుగారి మాట చెల్లుబాటగుట రాణిగారి వలననే.

మా మేనకోడలు మొదటిరోజున తెర తెరచి చాలసేపు చూచి, "అత్తయ్యా, ఇందులో మీరు మాకు చెప్పింది ఏది, మిషనుకు చెప్పింది ఏది?" అని అడిగెను. నల్లని తెరమీద అక్షరములన్నియు ఒక్కటే తెలుపు. నేను వ్రాసిన టీకలు తెలుగులో నున్నవి గనుక అవి కొంత తెలియవలెను గదా యందురేమో. మా తెరమీద తెలుగు ఒత్తులు అక్షరము క్రిందికి పోక ప్రక్కకు జరిగి కూర్చుండును. అందుచేత కొన్ని టీకలను ఇంగ్లీషు అక్షరములలోనే తెలుగు మాటలుగా వ్రాసియుంటిని. వస్తువుల పేర్లు సరేసరి. రెక్స్ భాషలో పేర్లకు ఇంగ్లీషు అక్షరములే చెల్లును. ఆమె ప్రశ్న న్యాయమైనదే.

నేను వ్రాయుట కుపయోగించు ఎడిటరు పేరు నానో. క్రిస్ అలెగ్రెట్టా అను నాతడు దీనిని 1999లో పుట్టించెను. అంతకుముందు పైకో అను చిన్న ఎడిటరు ఉండెడిది. శాస్త్రజ్ఞుల కొలతలలో పైకోకు వేయిరెట్లు నానో గనుక ఆ పేరు పెట్టిరట. ఇందులో అనేక భాషలకు రంగుల పట్టికలు ముందే సిద్ధముగా వచ్చును. రెక్స్ కు మాత్రము నా యంత్రములో పట్టిక కనబడలేదు. లేనిదానిని చేర్చుకొనుటకు ప్రోగ్రాము విద్యలో పండితులు కానక్కరలేదు. మన ఇంటి ఫోల్డరులో నానోఆర్సీ అను పేరుతో, పేరుకు ముందు ఒక చుక్కతో, ఒక దస్త్రము ఉండును, లేనిచో సృష్టించుకొనవచ్చును. అందులో మొదట భాష పేరు, ఆ భాషలోని దస్త్రముల పేరు చివర ఏ తోక ఉండునో అదియు చెప్పవలెను. ఆ తరువాత పంక్తికొక నియమము: ఈ రంగు, ఈ ఆకారమున్న అక్షరములకు.

ఆకారమని ఏల అంటిననగా, ఎడిటరుకు అర్థము తెలియదు. దానికి తెలిసినదంతయు రెగ్యులర్ ఎక్స్ ప్రెషన్ అను ఒక గుర్తుల భాషయే. స్టీఫెన్ క్లీనీ అను గణితవేత్త 1956లో ప్రకటించిన వ్యాసమునుండి ఆ భావము వచ్చినది. 1968లో కెన్ థాంప్సన్ దానిని కంప్యూటరుచేత మాటలు వెదకించుటకు వాడు విధమును ప్రకటించెను. ఉదాహరణకు ఉల్లేఖ చిహ్నముల నడుమనున్న మాటలకు పసుపు వేయవలెనన్నచో ఇట్లు చెప్పవలెను: ఒక ఉల్లేఖ చిహ్నము, దానివెంట ఉల్లేఖ చిహ్నము కాని అక్షరములెన్నియైనను, చివర మరల ఉల్లేఖ చిహ్నము. ఇంతే నియమము. మూయు చిహ్నమును మరచినచో ఆ పంక్తిలోని మాటకు పసుపు పట్టదు. తప్పు అప్పుడే కంటబడును. ప్రోగ్రాము నడిపి, యంత్రముచేత చీవాట్లు తినవలసిన పనిలేదు.

ఆజ్ఞలకు ఆకుపచ్చ నిర్ణయించితిమి. సే, పుల్, పార్స్, ఇఫ్, దెన్, ఎల్స్, డూ, ఎండ్ మొదలైనవి. రెక్స్ కు ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి అక్షరముల భేదము లేదు గనుక నియమములోని రంగు మాటకు ముందు ఐ అను అక్షరమును చేర్చవలెను. అప్పుడు రెండు విధములుగ వ్రాసినను రంగు పట్టును. ఇంకొకటి ముఖ్యము. మాటకు రెండు ప్రక్కల గట్టు కట్టవలెను, అనగా ఇచ్చట మొదలై ఇచ్చట ముగిసిన పూర్తిమాటకే రంగు అని చెప్పవలెను. గట్టు లేకపోయినచో ఏమగునో మా మేనకోడలికి చూపుటకై ఒకమారు తీసివేసి చూపితిని. మా ఎండుమిరపలోని ఎండ్ అను మొదటి భాగమునకు ఆకుపచ్చ పట్టినది, తక్కినది తెల్లగా నిలిచినది. దోసకాయలో డో మాత్రము పచ్చగానైనది. "అత్తయ్యా, దోసకాయకు ముచ్చిక పచ్చగా ఉంటే తప్పేమిటి?" అని నవ్వినది.

కాని గట్టు కట్టినను తీరని చిక్కొకటి ఈ భాషలో కలదు. పెక్కు భాషలలో కొన్ని మాటలను ఆజ్ఞలకే ప్రత్యేకించి యుంచుదురు. వానిని పేర్లుగా పెట్టుకొనుటకు వీలులేదు. రెక్స్ లో అట్టి నిషేధము లేదు. సే అనగా చెప్పు అని ఆజ్ఞ. ఎవరైనను సే అను పేరుతో ఒక సంఖ్యను దాచుకొన్నచో అదియు చెల్లును. సందర్భమును బట్టి రెక్స్ తెలిసికొనును. మనకు ఇది వింత కాదు. "చెప్పు" అన్నచో నోటితో చెప్పుటయా, కాలికి తొడుగుకొనునదియా? వాక్యములో వినిన పసిపిల్లయైనను పొరబడదు. మాటను విడదీసి చూపినచో మహాపండితుడైనను చెప్పలేడు. రంగుల నియమము సరిగా ఆ పండితుని స్థితిలో నున్నది. దానికి సందర్భము తెలియదు. రెండు చెప్పులకును ఒకే పచ్చరంగు పూయును. దీనికి మేము చేసికొన్న ఉపాయము సామాన్యమైనది. పేర్లన్నియు తెలుగు మాటలుగానే పెట్టుకొందుము. అప్పు, వడ్డి, చందా, నిల్వ. ఇంగ్లీషు ఆజ్ఞలతో వీనికి తగవు రాదు.

ఈ రంగుల చరిత్రలోనే ఒక ఆశ్చర్యము. 1928లో పూర్తియైన ఆక్స్ ఫర్డు మహానిఘంటువును 1980లలో కంప్యూటరులోనికి ఎక్కింపవలసి వచ్చినది. ఆ నిఘంటువులో ప్రతి ఆరోపమునకు శిరోపదము, ఉచ్చారణ, వ్యుత్పత్తి, అర్థములు, కాలక్రమములో ప్రయోగములు ఉండును. వానిమధ్య భేదములను తెలుపు గుర్తులతో వ్రాత నిండిపోయినచో సంపాదకులు దానిని చదువుట యెట్లు? అందుకై 1985లో లెక్స్ అను ఎడిటరొకటి తయారైనది. మనము వ్రాయుచుండగనే అది వ్రాత యొక్క నిర్మాణమును చూచుకొని, భాగభాగమునకు వేరు రంగును, వేరు అక్షరరూపమును చూపెడిది. దానిని చేసినది ఎవరనుకొంటిరి? మన రెక్స్ ను చేసిన కౌలిషాయే! ఆ నిఘంటువు రెండవ కూర్పు 1989లో 20 సంపుటములుగా వెలువడినది. తన భాష పేరునకును, తన ఎడిటరు పేరునకును ఆయన ప్రాస కుదిర్చినాడు. ఆయన భాషకే నా ఎడిటరులో రంగులు లేకపోవుట నాకు కొంచెము వింతగా తోచినది.

రంగుల ఎంపికలో మా మేనకోడలికిని నాకును వాదము జరిగినది. ఆమె మొదట టీకలకు నీలము పెట్టెను. చూచుటకు చల్లగా నున్నదట. నెలనెలా మా లెక్కను పరీక్షించునది పిన్నిగారు. ఆమెకు డెబ్బది దాటినవి. శుక్లములకు శస్త్రచికిత్స ఇంకను కాలేదు. వయస్సుతో కంటిలోని కటకము పసుపు తిరిగి నీలి వెలుగును కొంత ఆపివేయును. అందును నల్లని తెరమీద ముదురు నీలమన్నచో అమావాస్యనాడు నల్లపిల్లిని వెదకుటయే. పిన్నిగారు తెరకు ముక్కు ఆనించి చూచి, "ఇక్కడేదో ఉన్నట్టుంది, కాని నాకు చెప్పకూడని సంగతిలా ఉంది" అనిరి. నీలము పోయి లేత ఆకాశవర్ణము వచ్చినది. ఎరుపును ఆకుపచ్చను ప్రక్కప్రక్కన పెట్టవద్దని కూడ చెప్పితిని; ఆ రెంటి భేదము తెలియనివారు మగవారిలో కొందరుందురు, రేపు ఎవరింటి కుర్రవాడు ఈ లెక్క చూడవలసివచ్చునో. మొత్తముమీద నాలుగు రంగులకు మించనీయలేదు. మా మేనకోడలి స్నేహితురాలి తెర చూచితిని. అది సంక్రాంతి ముగ్గువలె నున్నది. ముగ్గు చూచుటకు, లెక్క చదువుటకు.

నియమముల వరుసకు గూడ అర్థము కలదు. నానో మొదటి నియమపు రంగు పూసి, దానిమీద రెండవ దానిని పూయును. తరువాతిది ముందటిదానిని కప్పివేయును. టీకలో సే అను మాట వచ్చినచో దానికి పచ్చరంగు నిలువకూడదు. అది ఆజ్ఞ కాదు గదా. కావున టీకల నియమము అన్నింటికన్న చివర నుండవలెను. గోడకు సున్నము వేయువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక నాకు మిక్కిలి ఉపకరించిన నియమము. రెక్స్ కు ఒక మొండిగుణము కలదు. ఏ విలువయు ఇయ్యని పేరును చెప్పుమన్నచో తెలియదనదు. ఆ పేరునే పెద్దబడి అక్షరములలో అచ్చువేయును. మా మేనకోడలు చేర్చిన ఒక పంక్తిలో వడ్డి అను పేరు చివర ఇంగ్లీషు ఐకి బదులు రెండు ఈలు పడినవి. ఆ నెల ఒక సభ్యురాలి చీటిలో వడ్డీ అంకె ఉండవలసినచోట వడ్డీ అను మాటయే అచ్చుపడినది. ఆవిడ నవ్వుచు "నా వడ్డీ ఎంతంటే వడ్డీ అంతా?" అనినది. అందరును నవ్విరి. మా మేనకోడలు మాత్రము నవ్వలేదు. ఇట్టి పేరు ఎదురైనచో ప్రోగ్రామును ఆపివేయు కావలి ఆజ్ఞ భాషలోనే కలదు. సిగ్నల్ ఆన్ నోవాల్యూ అందురు. దానిని పెట్టించితిని. కాని కావలివాడు దొంగ లోపలికి వచ్చిన పిమ్మట కేకవేయును. వ్రాయుచుండగనే తెలియవలెనన్నచో రంగే దిక్కు. మా లెక్కలో వచ్చు పేర్లు మొత్తము పదునారు. ఆ పదునారింటిని ఒక నియమములో వ్రాసి వంగపండు వన్నె ఇచ్చితిమి. ఇప్పుడు పేరులో అక్షరము తప్పినచో దానికి రంగు పట్టదు. వంగపండు వరుసలో తెల్లగా నిలిచిపోవును. క్రొత్త పేరు కావలసినప్పుడు పట్టికలోకూడ చేర్చవలసియుండుట కొంత శ్రమయే. ఆ శ్రమ నాకు నచ్చినది. పేరు పెట్టుటకు ముందు ఒక క్షణమాగి ఆలోచింతురు.

కాని రంగు అబద్ధమాడిన సందర్భమును గూడ చెప్పవలెను. రెక్స్ లో టీకను వాలుగీతతోను నక్షత్రముతోను తెరచి, నక్షత్రముతోను వాలుగీతతోను మూయుదుము. ఒక టీకలో మరియొక టీక ఉండవచ్చును. ఎన్ని తెరచితిమో అన్ని మూసినగాని టీక ముగియదు. రెక్స్ ఆ లోతును లెక్కపెట్టుకొనును. మా సంఘములో పూర్వము వడ్డీ నూటికి రూపాయిన్నర. అది రూపాయికి తగ్గినపుడు పాత నియమములను చెరిపివేయక, ఆ ఇరువది పంక్తులచుట్టు ఒక పెద్ద టీక కట్టి నిద్రపుచ్చియుంటిమి. ఆ పంక్తులలో అంతకుముందే చిన్న చిన్న టీకలున్నవి. రెక్స్ కు అంతయు నిద్రయే. మా రంగుల నియమమునకో, తెరచిన గుర్తు, మూసిన గుర్తు, అంతవరకే తెలియును. మొదటి చిన్న టీక మూతపడగనే పెద్దది మూతపడినదని అనుకొని, తక్కిన పాత పంక్తులకు పచ్చ, వంగపండు రంగులు పూసి, అవి మేల్కొని పనిచేయుచున్నట్లు చూపినది. రెగ్యులర్ ఎక్స్ ప్రెషన్ కు ఇట్టి లోతును లెక్కించు శక్తి లేదని గణితశాస్త్రములోనే నిరూపణమున్నది. నానోను నిందించి ప్రయోజనము లేదు.

సంఘములో పదివేల రూపాయలు అప్పు తీసికొన్న ముసలామె యొకరు నెలవడ్డీ ఎంతని ఫోనులో అడుగగా, మా మేనకోడలు తెర చూచి, "నూటయాభై" అనబోవుచుండెను. రూపాయిన్నర పంక్తి కంటియెదుట నిండురంగులతో నిగనిగలాడుచున్నది. రూపాయి పంక్తి పుట క్రిందికి పోయినగాని కనబడదు. పిన్నిగారు అచ్చటనే యుండుటచేత, "మనము తీర్మానము చేసుకున్నది నూరు కదే" అని ఆపిరి. యాబది రూపాయలు మనకొక లెక్క కాకపోవచ్చును. ఆ ముసలామెకు అది ఒక వారపు కూరల ఖర్చు. అంతకన్న ముఖ్యము, సంఘములో వడ్డీ మరల పెంచినారను మాట వీధి చివరకు ప్రాకుటకు అరగంట చాలును.

దీనికి మందు రంగులలో లేదు. నిద్రపుచ్చిన పంక్తులను ఆ దస్త్రములోనుండి తీసి, సంవత్సరము పేరుతో వేరొక దస్త్రములో పెట్టించితిని. పాతచిట్టాను అటకమీద పెట్టినట్లే. ఇప్పుడు లెక్కల దస్త్రములో టీకలో టీక లేదు. రంగు చెప్పినదియు రెక్స్ చేయునదియు ఒక్కటే.

అనుభవజ్ఞులలో ఈ రంగులన్న గిట్టనివారును లేకపోలేదు. గో అను భాషను నిర్మించినవారిలో నొకరైన రాబ్ పైక్ దీనిని పిల్లతనపు ముచ్చటగా త్రోసివేసినవారు. రంగులు కంటిని లాగి భావమునుండి దృష్టిని మరల్చునని అట్లు గిట్టనివారిలో కొందరి పక్షము. మా మేనకోడలి సంగతి చూచిన తరువాత ఆ మాటను పూర్తిగా కాదనలేను. కాని వారు తమ ప్రోగ్రామును తామే చదువుకొనువారు. మాది ఒకరు వ్రాసి, ఇంకొకరు దిద్ది, మూడవవారు పరీక్షించు లెక్క. టీకను మూలమును ఒకే అక్షరములో అచ్చువేసిన ప్రబంధమును మహాకవులు చదువుకొందురేమో. నావంటిదానికి మాత్రము అక్షరములలో భేదముండవలెను.

మా పట్టిక ఇప్పటికి పందొమ్మిది పంక్తులు. మా మేనకోడలి యంత్రములో ఒక ప్రతి, పిన్నిగారి మనుమని యంత్రములో ఒక ప్రతి ఉన్నవి. మొన్న నేను పెట్టె సర్దుకొనుచుండగా ఆమె వచ్చి, పేర్లకున్న వంగపండు రంగు తనకు నచ్చలేదనియు, నారింజవన్నె పెట్టుకొందుననియు చెప్పెను. నానోలో దానికి వేరుగా ఏమి వ్రాయవలెనని అడుగలేదు. తానే చూచి వచ్చినది.